చీనీ తోట షీటుతో పెరట్లో కోయి కొలను

కోయి చేపల కొలను అనగానే మనవాళ్ళు అది బెంగళూరు విల్లాలకో రిసార్టులకో సంబంధించిన వ్యవహారం అనుకుంటారు. ఇక్కడ అనంతపురంలో గార్డెన్ పనులు చేయించే ఒకాయన్ని అడిగితే లక్షన్నర దగ్గర మాట మొదలుపెట్టాడు. మా పెరట్లో ఉన్న కొలనుకు మోటరు, ఫిల్టరు, చేపలు అన్నీ కలిపి 30 వేల లోపే అయింది. ఎట్లా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. నేను ఖర్చు తగ్గించింది అందం మీద మాత్రమే. లోతు, నీడ, ఫిల్టరు, ఈ మూడింటి జోలికి పోలేదు. మన ఊరి ఎండల్లో ఆ మూడింట్లో ఏది తగ్గించినా చేపలు మే నెల దాటవు.

ఇంకొక మాట. కోయి డబ్బున్నవాళ్ళ చేప కాదు. జపాన్‌లో నీగాటా అనే కొండ ప్రాంతంలో వరి పండించే రైతులు మడులకు నీళ్ళు పెట్టే కుంటల్లో తినడానికి కార్ప్ చేపలు పెంచుకునేవాళ్ళు. వాటిలో అక్కడక్కడ ఎర్ర మచ్చలతో, తెల్లగా పుట్టినవాటిని విడిగా తీసి పెంచడం 1800ల మొదట్లో మొదలైంది. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టాకే బయటి ప్రపంచానికి తెలిసింది. అంటే ఇది మొదటి నుంచీ రైతు కుంటలో పెరిగిన చేప. మన రైతుల ఫారం పాండ్ (పొలంలో నీళ్ళు నిల్వ చేసుకునే కుంట) సామానుతోనే దీనికి ఇల్లు కట్టొచ్చు అని నాకు తోచింది కూడా అది చదివాకే.

గుంత తవ్వుతానంటే మా జేజి (నానమ్మ) మొదట ఒప్పుకోలేదు. "తాగేదానికే నీళ్ళు చాలక ట్యాంకర్లు తోలించుకుంటాంటే చేపలకు గుంతేంది నాయనా" అంది. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. మన జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ ఒక ఏడు పడి ఒక ఏడు పడక. అందుకే పార పట్టుకునే ముందు లెక్క వేశాను. నా కొలను 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అంటే పైన నీళ్ళు పరుచుకునే జాగా నాలుగున్నర చదరపు మీటర్లు. నీడ లేకుండా వదిలేస్తే నడి ఎండాకాలంలో రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది, అంటే 45 లీటర్లు, రెండు పెద్ద బకెట్లు. షేడ్ నెట్ వేస్తే అది బాగా తగ్గుతుంది, చలికాలంలో ఇంకా తక్కువ. ఏడాది మొత్తానికి ఎంత ఎక్కువ వేసుకున్నా పది పన్నెండు వేల లీటర్లు. అదే 1000 చదరపు అడుగుల మిద్దె మీద మన సగటు వాన పడితే ఏడాదికి 50 వేల లీటర్ల దాకా నీళ్ళు, అప్పటిదాకా అవన్నీ గొట్టంలోంచి వీధి కాలువలోకే పోయేవి. మిద్దె గొట్టాన్ని కొలనుకు తిప్పాను, నిండాక మిగిలింది ఇంకుడు గుంతకు పోతుంది. కొలనులోంచి వారానికోసారి తీసే నీళ్ళు కూడా పారబోయను, కరివేపాకు చెట్టుకీ టమాటా మడికీ పోస్తాను. చేపల నీళ్ళు పడ్డాక ఆ మడికి వేరే ఎరువు వేయాల్సిన పని లేదు. ఇప్పుడు ఆ నీళ్ళు మోసి పోసేది జేజినే.

సైజు సంగతి. కోయి రెండు అడుగుల దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే పాతికేళ్ళు దాటి బతుకుతుంది. షాపులో వేలెడంత పిల్లను చూసి మోసపోవద్దు. పెద్దదైన ఒక్కో చేపకు కనీసం 1000 లీటర్లు కావాలి, లోతు నాలుగు అడుగులు ఉండాలి. రెండు అడుగుల లోతు తొట్టిలో పెంచుతామంటే మన మే నెలలో మధ్యాహ్నానికల్లా అడుగుదాకా వెచ్చబడిపోతుంది, చేపకు దిగిపోయే చోటే ఉండదు. 8 బై 6 బై 4 అడుగులంటే 5,000 లీటర్లు దాటుతుంది. అంటే అయిదు చేపలు. అవును, అయిదే. ఇరవై పిల్లలు వేసి కళకళలాడుతోంది అని వీడియో పెట్టినవాళ్ళ కొలను ఏడాది తర్వాత ఎట్లా ఉందో ఎవరూ చూపించరు.

మాది పైన ఒక అడుగు ఎర్ర మట్టి, కింద అంతా గరుసు. గడ్డపార వేస్తే నిప్పులు వస్తాయి. నాలుగు అడుగులు మొత్తం కిందికే తవ్వాలంటే కూలి ఖర్చు పెరుగుతుంది. అందుకని రెండున్నర అడుగులు కిందికి తవ్వించి, పైన అడుగున్నర ఇటుక గోడ కట్టించాను. ఈ గోడ వల్ల ఇంకా లాభాలున్నాయి. వాన పడితే పెరటి మట్టి లోపలికి కొట్టుకురాదు, కూర్చోవడానికి అరుగులా ఉంటుంది, పాకే పిల్లలు నేరుగా నీళ్ళలోకి పోలేరు. అయినా ఇంట్లో చిన్న పిల్లలుంటే పైన ఇనుప జాలీ తప్పనిసరిగా పెట్టించండి, ఇందులో బేరం లేదు.

సిమెంటు తొట్టి ఎందుకు కట్టలేదని అడుగుతారు. కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్ళలోకి దిగుతుంది, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) బాగా పెరిగి చేపలు చచ్చిపోతాయి. నింపడం, పారబోయడం, మళ్ళీ నింపడం, అది చల్లబడేసరికి చాలా నీళ్ళు వృథా. పైగా కర్నూలు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేలల్లో అయితే వానకు ఉబ్బి ఎండకు పగిలే ఆ మట్టి తొట్టిని నిలవనివ్వదు, గోడకు చీలిక వస్తే మళ్ళీ మొత్తం ఖర్చు. షీటు అయితే నేల కదిలినా దానితో పాటు సర్దుకుంటుంది.

ఆ షీటే ఈ కథలో అసలు పొదుపు. మా బావ నార్పల వైపు చీనీ (బత్తాయి) తోట రైతు. ఎండాకాలం చెట్లు కాపాడుకోవడానికి ఫారం పాండ్ తవ్వించి దాంట్లో 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) మందం ఉన్న హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు పరిపించాడు. అక్వేరియం షాపులో పాండ్ లైనర్ అని బయటి దేశాల రబ్బరు షీటు చూపిస్తారు, మంచిదే కానీ ధర చాలా ఎక్కువ. బావ కొన్న చోటే నాకు కావాల్సిన ముక్క కోయించుకున్నాను. షీటు మీద ఐఎస్ 15351 ముద్ర ఉందో లేదో చూసుకోండి, వ్యవసాయ కుంటల షీట్లకు ఉన్న ప్రమాణం అది. కొలత చాలా తేలిక. పొడవుకు రెండు లోతులు కలపాలి, అంచుల కోసం ఇంకో రెండు అడుగులు కలపాలి, వెడల్పుకూ అంతే. నాకు 18 బై 16 అడుగుల ముక్క వచ్చింది, మూడు వేల చిల్లర.

షీటు కింద ఏం వేస్తామన్నదే దాని ఆయుష్షు. గరుసు రాయి మొన ఒక్కటి తగిలినా పైన అయిదు టన్నుల నీళ్ళ బరువుకు గుచ్చుకుంటుంది. గోడలూ అడుగూ చేత్తో తడిమి ప్రతి మొనా తీయించాను, అడుగున రెండు అంగుళాలు జల్లించిన ఇసుక పోసి, దాని మీద, గోడల చుట్టూ పాత ఫ్లెక్సీలు రెండు పొరలు. మన ఊర్లో ఫ్లెక్సీలకు కొదవేముంది, పుట్టినరోజులు, ఎన్నికలు, సినిమాలు, ప్రింటింగ్ షాపు వాళ్ళు చెడిపోయిన ప్రింట్లు ఊరికే ఇచ్చారు. కొందరు ఫ్లెక్సీనే లైనర్‌గా వాడతారు, వద్దు, ఎండకు పెళుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. హెచ్‌డీపీఈ షీటు బిరుసుగా ఉంటుంది కాబట్టి పరిచే ముందు ఒక గంట ఎండలో పడేసి ఉంచండి, మెత్తబడి చెప్పినట్టు వింటుంది. మూలల్లో నలిపి కుక్కకుండా, పుస్తకానికి అట్ట వేసినట్టు ఒకే పెద్ద మడతగా మడవాలి. చిన్న చిన్న మడతలైతే వాటి వెనక చెత్త చేరి కుళ్ళుతుంది. కొలను ఆకారం వంకరలు తిరిగి ఉంటే ఇది కుదరదు, అందుకే నలుచదరంగానే ఉంచాను. నింపేటప్పుడు కొంచెం కొంచెంగా నింపుతూ షీటును సర్దుకుంటూ పోవాలి, అంచులను చివర్లోనే కోయాలి.

అంచు మీదికి తాడిపత్రి బండలు. పాలిష్ యూనిట్ల దగ్గర మూలలు విరిగిన ముక్కలు పక్కన పడేసి ఉంటాయి, వాటిని బేరమాడి తెచ్చుకోవచ్చు. కడప వాళ్ళకు కడప నల్ల బండ, కర్నూలు వాళ్ళకు బేతంచర్ల బండ, ఎవరి ఊరి బండ వాళ్ళకు చవక. గోడ మీద షీటు అంచు మడిచి, దాని మీద బండ పెట్టి సిమెంటుతో అతికించాలి. బండ రెండు అంగుళాలు లోపలికి వచ్చేలా పెడితే షీటు అంచు కనపడదు, ఎండా తగలదు, పందికొక్కులు కొరకడానికీ ఉండదు.

ఇక ఫిల్టరు. దీన్ని నేను కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే కోయి పెంచడమంటే నిజానికి నీళ్ళను పెంచడమే. చేప వదిలే మలినం, తినకుండా మిగిలిన మేత అమ్మోనియాగా మారుతుంది. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తాయి, ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది మొక్కలకు ఎరువు. మన బోరు నీళ్ళలో పీహెచ్ ఎక్కువ, ఎండ ఎక్కువ, ఈ రెండూ కలిస్తే అమ్మోనియా మరీ ప్రమాదకరం. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక్క శాతం కూడా ఉండదు, అదే పీహెచ్ 8.5 అయితే 20 శాతం దాకా ఉంటుంది. అంటే చల్లటి ఊర్లో చెల్లిపోయిన ఫిల్టరు మన దగ్గర చెల్లదు.

నాది రెండు 200 లీటర్ల నీలం డ్రమ్ముల ఫిల్టరు. డ్రమ్ములో ముందు ఏం ఉండేదో అడిగి, వాసన చూసి కొనండి, తినే సరుకు వచ్చినదే తీసుకోవాలి, రసాయనాలు వచ్చినది ఎంత కడిగినా వద్దు. కొలను అడుగున ఉన్న మోటరు నీళ్ళను మొదటి డ్రమ్ములోకి తోస్తుంది. పైపు చివర ఒక ఎల్బో పెట్టి గోడ వెంబడి తిప్పితే నీళ్ళు డ్రమ్ములో సుడి తిరుగుతాయి, బరువైన మురికి మధ్యలోకి చేరి అడుగున పడుతుంది. అడుగున ఒకటిన్నర అంగుళం వాల్వు పెట్టాను, రెండు రోజులకోసారి తిప్పితే నల్లటి నీళ్ళు బుస్సున వస్తాయి, ఒక బకెట్ తీసి కట్టేస్తే చాలు. మొదటి డ్రమ్ము పైనుంచి నీళ్ళు రెండో డ్రమ్ము అడుగుకు పోయి, అక్కడి నుంచి పైకి లేస్తాయి. దాంట్లో బ్యాక్టీరియా ఇల్లు కట్టుకోవడానికి జాగా కావాలి. బయోబాల్స్ అని అమ్ముతారు, డ్రమ్ము నిండా వేయాలంటే చాలా డబ్బు. నేను ఎలక్ట్రీషియన్ల దగ్గర మిగిలిన పీవీసీ కండ్యూట్ పైపు ముక్కలు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచులు నింపాను. స్టీలు పీచు మాత్రం వద్దు. రెండో డ్రమ్ము పైభాగంలో చేమ మొక్కలు పెట్టాను, వేర్లు నీళ్ళలో వేలాడుతూ నైట్రేట్ లాగేస్తాయి, ఆకులు పచ్చగా గొడుగుల్లా వచ్చాయి. డ్రమ్ము మూడు అడుగుల ఎత్తు, కొలను గోడ అడుగున్నర, కాబట్టి వేరే స్టాండు అక్కర్లేదు, రెండో డ్రమ్ము పైనుంచి నీళ్ళు జలపాతంలా కొలనులోకి పడతాయి, గాలి కూడా అక్కడే కలుస్తుంది. మొదటి డ్రమ్ము కింద మాత్రం ఒక వరస ఇటుకలు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి.

పీచులను ఎప్పుడూ కొళాయి నీళ్ళతో కడగొద్దు. క్లోరిన్ తగిలితే ఇంతకాలం పెరిగిన బ్యాక్టీరియా మొత్తం పోతాయి. కొలను నీళ్ళే బకెట్లో తీసి, జాడించి, తిరిగి పెట్టేయాలి. కొలనులో పోసే మున్సిపల్ నీళ్ళు కూడా ఒక రోజు ముందే పట్టి ఉంచాలి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు కానీ ప్రాణవాయువు తక్కువ, అందుకని పైనుంచి చిమ్ముతూ పోయాలి.

మోటరు గంటకు కొలను నీళ్ళలో కనీసం సగమైనా తిప్పగలగాలి. డబ్బా మీద 5,000 లీటర్లు అని రాసి ఉన్నది అయిదు అడుగుల ఎత్తుకు తోసేసరికి సగానికి పడిపోవచ్చు, ఆ లెక్క చూసుకుని కొనాలి. కూలర్ మోటరు పెడతామంటారు చాలామంది, అది రోజుకు 24 గంటలు తిరగడానికి చేసినది కాదు. నాది 60 వాట్లది, నెలకు 43 యూనిట్లు తింటుంది. పక్కన 20 వాట్ల గాలి పంపు ఒకటి. లైనుకు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) పెట్టించకుండా మాత్రం నీళ్ళలో మోటరు దించొద్దు.

గాలి పంపు ఎందుకంటే, వెచ్చటి నీళ్ళలో ప్రాణవాయువు నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 దగ్గర ఏడున్నరే. పైగా రాత్రంతా పాచి కూడా చేపలతో పాటు అదే గాలి పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరాడక. రాత్రి కరెంటు పోతే నాకు ఉండే టెన్షన్ అదే. గాలి పంపును ఇంటి ఇన్వర్టరుకు కలిపాను, 20 వాట్లే కాబట్టి రాత్రంతా నడుస్తుంది. ఇన్వర్టరు లేనివాళ్ళు బ్యాటరీ ఏరేటరు పెట్టుకోవాలి, అదీ లేకపోతే బిందెతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండటమే.

నీడకు 75 శాతం షేడ్ నెట్, నర్సరీ వాళ్ళు వేసేదే. పడమర వైపు కిందిదాకా దించాను, ఎందుకంటే మన దగ్గర సాయంత్రం నాలుగు గంటల ఎండే ఎక్కువ కాలుస్తుంది. పక్కన పందిరి వేసి సొరతీగ పాకించాను, కానీ దాని మీద పురుగుమందు కొట్టేది లేదు, ఒక్క చుక్క నీళ్ళలో పడినా కష్టం. వేపచెట్టు కింద కొలను పెట్టొద్దు, నీడ బాగుంటుంది కానీ రాలే ఆకులూ పూతా నీళ్ళను పాడు చేస్తాయి. నెట్ ఉంటే లకుముకి పిట్టల బెడద కూడా తగ్గుతుంది. గోడలు నిలువుగా, లోతు నాలుగు అడుగులు ఉంటే కొంగ దిగి నిలబడలేదు. దోమల గురించి పక్కింటి వాళ్ళు భయపడ్డారు, కదిలే నీళ్ళలో దోమ గుడ్లు పెట్టడం తక్కువ, పెట్టినా వాటిలోంచి వచ్చే పురుగులను కోయి చేపలే తినేస్తాయి.

చేపలు చెన్నై కొళత్తూరు నుంచి తెచ్చుకున్నాను, అలంకార చేపలకు అదే పెద్ద మార్కెట్. మన దేశంలో పెంచిన నాలుగు అంగుళాల పిల్లలు చాలు, దిగుమతి చేప మన ఎండకు అలవాటుపడుతుందో లేదో తెలియక అంత డబ్బు పెట్టొద్దు. తొట్టిలో ఒకదాని రెక్కలు ముడుచుకుని, మూలన నిలబడి ఉంటే ఆ తొట్టిలో ఏ చేపనూ కొనొద్దు. ఇంటికి తెచ్చాక నేరుగా కొలనులో వేయకుండా పెద్ద టబ్బులో రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి, 100 లీటర్లకు 300 గ్రాముల కల్లుప్పు, అయోడిన్ కలపనిది. చాలా పరాన్నజీవులు ఆ ఉప్పుకే పోతాయి. ఆ ఉప్పు నీళ్ళు మాత్రం మొక్కలకు పోయొద్దు.

మేత విషయంలో కూడా షాపు ప్యాకెట్ అక్కర్లేదు. కోయి కూడా కార్ప్ జాతే, చేపల చెరువుల వాళ్ళు వాడే తేలే మేత గుళికలు సరిపోతాయి, బస్తా కొని నలుగురు పంచుకుంటే చవక. కోయికి పొట్ట అనే సంచి ఉండదు, పేగే, అందుకని కొంచెం కొంచెంగా, అయిదు నిమిషాల్లో తినేంత మాత్రమే వేయాలి. ఎండాకాలంలో పొద్దున, సాయంత్రం చల్లబడ్డాక, మధ్యాహ్నం అసలు వద్దు. మా చేపలకు బాగా ఇష్టమైనది చీనీకాయ. సగానికి కోసి నీళ్ళ మీద వదిలితే అది తేలుతూ తిరుగుతుంటుంది, ఒకటి కింద నుంచి ముట్టెతో పొడిచి బోర్లా తిప్పుతుంది, ఇంకొకటి వచ్చి తొనలోని రసం పీలుస్తుంది, చివరికి తెల్లటి తొక్క ఒక్కటే గిన్నెలా తేలుతూ మిగులుతుంది. తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలున్న కొహాకు రకం చేప ఒకటి నా వేళ్ళ మధ్య నుంచే తింటుంది. దాని నోటికి పళ్ళు ఉండవు, మీసాలు మెత్తగా తగులుతాయి, దాని కోసమే రోజూ పని నుంచి రాగానే చెప్పులు విప్పకుండా పెరట్లోకి పోతాను.

ఖర్చు లెక్క అడిగేవాళ్ళకు: షీటు 3 వేలు, తవ్వకం, ఇటుకలు, మేస్త్రీ కలిపి 11 వేలు, బండలు వెయ్యి, మోటరు, గాలి పంపు 5 వేలు, డ్రమ్ములు, పైపులు, వాల్వులు 4 వేలు, షేడ్ నెట్, రాటలు 2 వేలు, చేపలు, అమ్మోనియా టెస్ట్ కిట్టు కలిపి 3 వేలు. టెస్ట్ కిట్టు దండగ అనుకుని ఎగ్గొట్టొద్దు, కొత్త కొలనుకు అదొక్కటే కన్ను.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, నా మాట విని ఎండాకాలంలో వద్దు. వర్షాకాలంలో గుంత, గోడ పని కానిస్తే సెప్టెంబరు, అక్టోబరు వానలకు మిద్దె నీళ్ళతోనే చాలా వరకు నిండుతుంది. ఫిల్టరు నడవడం మొదలయ్యాక బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఒకటి రెండు చేపలకు మించి వేయొద్దు. నవంబరుకు అన్నీ వేసుకుంటే మే ఎండలు వచ్చేలోపు అలవాటుపడటానికి వాటికి ఆరు నెలలు దొరుకుతాయి. తవ్వే మనుషులను మాత్రం వేరుశనగ విత్తనం పడకముందే మాట్లాడుకోండి, ఒకసారి పదునైన వాన పడిందంటే మన జిల్లాలో గుంత తవ్వడానికి ఎవరూ దొరకరు.